పనిని కొనుక్కోవద్దు

(బీదర్ గాంధీ గంజ్‌లో జరిగిన తెలుగు మిల్లు కార్మికుల సభలో సంఘ కార్యదర్శి చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయిన సభ్యుల కోసం పూర్తి పాఠం ఇస్తున్నాము.)



ఇవాళ గంజ్‌కు సెలవు. తూకాలు లేవు, లారీలు లేవు. రోజంతా కందుల బస్తాలు, శనగల బస్తాలు మోసే మన పాత మిల్లు కార్మికులు భుజం మీది తువ్వాలు కింద పరుచుకుని కూర్చున్నారు. కుట్టు మిషన్ల మీద పనిచేసే మన అక్కచెల్లెళ్ళు పిల్లలను చంకనెత్తుకుని వచ్చారు. జహీరాబాదు నుంచి, నారాయణఖేడ్ నుంచి బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చినవారూ ఉన్నారు.

మన సభల్లో మామూలుగా బోనసు, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు బకాయిల గురించి మాట్లాడుకుంటాము. ఇవాళ ఎజెండాలో ఒకే ఒక్క అంశం ఉన్నది. విదేశాలలో పని, దానికి కావలసిన వీసా. ఇది సంఘం పట్టించుకోవలసిన విషయమేనా అని కార్యవర్గంలో కొందరు మిత్రులు అడిగారు. గేటు లోపలి సంగతి సంఘానిది, గేటు దాటి పోయినవాడి సంగతి వాడిది అన్నారు. మేము కూడా చాలాకాలం అలాగే అనుకున్నాము. ఎందుకు మనసు మార్చుకున్నామో చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాము.

మొదటనే ఒక మాట స్పష్టం చేస్తున్నాము. పోవద్దని చెప్పడానికి ఈ సభ పెట్టలేదు. పని కోసం ఊరు దాటడం మనకు కొత్త కాదు. మన తాతలు సోలాపూరు మగ్గాల మీద పనిచేశారు, బొంబాయి మిల్లుల్లో పనిచేశారు, భీవండిలో సాంచెలు నడిపారు. 1956కు ముందు ఈ బీదరు, అటు జహీరాబాదు, ఇటు ఉద్గీరు అన్నీ ఒకే జిల్లా. రాష్ట్రాలు విడదీసిన నాడు గీతలు గీశారు గాని, ఆకలికి గీత గీయలేకపోయారు. నిజాం కాలంలో 1934లో పెట్టిన వరంగల్ ఆజంజాహి మిల్లు మూతపడింది. గుల్బర్గా ఎం.ఎస్.కె. మిల్లు మూతపడింది. అక్కడ పని నేర్చినవాళ్ళ పిల్లలు, సాంచెలు ఆగిన సిరిసిల్ల నేత కార్మికులు దుబాయి దారి పట్టారంటే తప్పు వాళ్ళది కాదు. మిల్లు మూసినవాడిని అడగకుండా బతకడానికి పోయేవాడిని తప్పుపట్టే సంఘం మనది కాదు.

కాబట్టి పోవాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. ఎట్లా పోవాలి, ఎంత కట్టి పోవాలి, ఏ కాగితం మీద పోవాలి అన్నది మాత్రం మనందరి విషయం. అది ఎందుకో చెబుతాము.

మన తండ్రుల కాలంలో మిల్లులో జాబరు ఉండేవాడు. పాతవాళ్ళకు తెలుసు. పనిలో పెట్టుకునేది జాబరే, తీసేసేది జాబరే. పొద్దున గేటు దగ్గర బదిలీ కార్మికులు వరుసగా నిలబడితే, దస్తూరీ ఇచ్చినవాడిని లోపలికి పంపేవాడు, ఇవ్వనివాడిని వెనక్కి పంపేవాడు. జీతం రాగానే ఇంత, పండగకు ఇంత, ఇంట్లో పెళ్ళయితే ఇంత. పని చేసి జీతం తీసుకోవలసిన మనిషి, ముందు డబ్బు పెట్టి పనిని కొనుక్కోవలసి వచ్చేది. 1931లో రాయల్ కమిషన్ ఆన్ లేబర్ ఇచ్చిన నివేదికలోనే ఈ లంచాల సంగతి రాసి ఉన్నది. 1935లో బొంబాయి మిల్లుల్లో బదిలీ కార్డులు వచ్చాయి. జాబరు ఇష్టం మీద కాకుండా కార్డు ప్రకారం పిలవాలన్నారు. ఆ తర్వాత సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడితే హాజరు పుస్తకం, నియామక పత్రం, జీతం చీటీ మన చేతికి వచ్చాయి.

ఆ జాబరు పోయాడని మనం అనుకున్నాము. పోలేదు సోదరులారా! గంజ్ దగ్గర లాడ్జిలో గది తీసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు వాడి పేరు ఏజెంటు. అప్పుడు గేటు దగ్గర రూపాయి, రెండు రూపాయలు తీసుకున్నవాడు ఇప్పుడు లక్ష, లక్షన్నర తీసుకుంటున్నాడు. అప్పటి జాబరు మోసం చేస్తే మర్నాడు గేటు దగ్గర కనిపించేవాడు, నిలదీయడానికి వీలుండేది. ఇప్పటివాడు ఫోను నెంబరు మార్చేస్తాడు.

ఇప్పుడు మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

మిల్లు మూతపడ్డాక మనతో రింగు ఫ్రేము ఖాతాలో పనిచేసిన ఒక తమ్ముడు సంఘం ఆఫీసుకు వచ్చాడు. పేరు చెప్పము, కుటుంబం ఇక్కడే ఉన్నది. ప్రావిడెంట్ ఫండు డబ్బు తీసుకోవడానికి ఫారం 19 నింపాలన్నాడు. కూర్చోబెట్టి నింపాము. తండ్రి పేరు, చేరిన తేదీ, మానిన తేదీ, బ్యాంకు ఖాతా ఒక్కొక్కటి సరిచూశాము. ఒక్క అక్షరం తప్పుపోతే ఫారం వెనక్కి వస్తుందని రెండుసార్లు చదివాము. లేచి పోతూ ఆ తమ్ముడు, "అన్నా, గల్ఫుల బట్టల ఫ్యాక్టరీల మిషను పని దొరికింది. వీసా గూడ వచ్చింది. ఈ పైసలు, ఇంకింత అప్పు జేసి కట్టాలె" అని జేబు తట్టి చూపించాడు. మేము "మంచిది తమ్మీ, జాగ్రత్త" అన్నాము. అంతే. ఫారం 19లో ప్రతి గడీ చూసిన మేము, ఆ జేబులో ఉన్న కాగితాన్ని చూడలేదు.

ఆ కాగితం అరబ్బీలో ఉన్నది. దాన్ని ఆయనా చదవలేదు, అప్పు ఇచ్చినవాడూ చదవలేదు. విమానం దిగిన మూడో రోజున ఆయనను బండి ఎక్కించి ఎడారిలోకి తీసుకుపోయారు. ఫ్యాక్టరీ లేదు, మిషను లేదు. ఒక రేకుల గుడిసె, గొర్రెలు, ఒంటెలు, నీళ్ళ ట్యాంకు. దారం తెగితే రెప్పపాటులో ముడివేసే చేతులవి. ఆ చేతులకు కర్ర ఇచ్చారు. పాస్‌పోర్టు యజమాని పెట్టెలో పడింది. మొదటి నాలుగు నెలల జీతం వీసా ఖర్చు కింద పోయిందన్నారు. పద్నాలుగు నెలల తర్వాత మన రాయబార కార్యాలయం సాయంతో వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. ఈలోగా ఇక్కడ అప్పు కింద ఇంటి స్థలం పోయింది.

ఆయన అక్కడ ఉండగా ఆయన భార్య ఆఫీసుకు వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. ఒకే ఒక్క మాట అడిగింది. "ఆయన కాయితాలన్నీ మీ దగ్గరికే తెచ్చిండు గద అన్నా, ఆ ఒక్కటి ఎందుకు జూడలే?" అని. మా దగ్గర జవాబు లేదు. ఇవాళ్టికీ లేదు. ఈ సభ పెట్టడమే మేము ఇవ్వగలిగిన జవాబు.

తర్వాత జరిగింది కూడా వినండి. ఏడాది తిరగకుండానే ఆ తమ్ముడి బావమరిదికి అదే రకం వీసా వచ్చింది. ఈసారి ఆ చెల్లెలే ఆయన చేయి పట్టుకుని మా దగ్గరికి తీసుకువచ్చింది. మాకు అరబ్బీ రాదు. అయితే 1472లో కట్టిన మహమూద్ గవాన్ మదర్సా ఉన్న ఊరు మనది. అరబ్బీ చదివేవాళ్ళకు ఇక్కడ కరువా? రిటైరైన ఒక ఉర్దూ పంతులుగారి దగ్గరికి తీసుకుపోయాము. ఆయన కళ్ళజోడు పెట్టుకుని 'మిహ్నా' అన్న మాట దగ్గర వేలు పెట్టారు. మిహ్నా అంటే వృత్తి. దాని ఎదురుగా 'రాయీ అగ్నామ్' అని ఉన్నది. గొర్రెల కాపరి! పంతులుగారు చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. చాయ్ కూడా ఆయనే తాగించారు. ఆ రెండు నిమిషాలతో ఒక ఇల్లు నిలబడింది. ఆ పిల్లవాడు ఇవాళ ఈ సభలోనే కూర్చున్నాడు.

సోదరులారా, ఇక చట్టం ఏమి చెబుతున్నదో చూద్దాము. మనకు తెలియదని తెలిసే ఏజెంటు మన దగ్గరికి వస్తాడు.

విదేశాలకు పనికి పోయేవారి కోసం 1983లో ఎమిగ్రేషన్ చట్టం చేశారు. దాని ప్రకారం కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు తప్ప మరెవ్వరూ మనుషులను పనికి పంపకూడదు. ఆ ఏజెంటు లక్షల రూపాయల బ్యాంకు గ్యారంటీ పెట్టి సర్టిఫికెట్ తీసుకుంటాడు. ఆయన పేరు, నెంబరు ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటాయి. 'మేము ఫలానా పెద్ద ఏజెంటుకు సబ్ ఏజెంటులము' అని ఊళ్ళలో తిరిగేవాళ్ళకు చట్టంలో గుర్తింపు లేదు. చట్టాన్ని మీరినవాడికి రెండేళ్ళ వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా అని 1983 చట్టంలో రాశారు. లక్షలు మింగినవాడికి రెండు వేల జరిమానా ఏమూలకు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మనమూ అదే అడుగుతున్నాము.

ఏజెంటు ఎంత తీసుకోవచ్చు? ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. సేవా రుసుము 30,000 రూపాయలకు మించకూడదు. దానిపై 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 35,400. దానికి రసీదు ఇచ్చి తీరాలి. 'వీసాకు లక్ష, టికెట్టుకు ఇరవై వేలు, సారుకు పది వేలు' అనే లెక్క ఏ రూల్సులోనూ లేదు. రసీదు ఇవ్వనివాడు దొంగ. అంతకన్నా మెత్తని మాట మా దగ్గర లేదు.

మీ పాస్‌పోర్టు తీసి చూడండి. పదో తరగతి పాసు కానివారికి సాధారణంగా ఈ.సి.ఆర్. పాస్‌పోర్టు ఇస్తారు. మనలో ఎక్కువమంది ఈ కోవలోనివారే. ఈ పాస్‌పోర్టు మీద సౌదీ, యు.ఎ.ఇ., కువైట్, కతార్, ఒమన్, బహ్రెయిన్, జోర్డాన్, మలేషియా వంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు క్లియరెన్సు ఉండాలి. హైదరాబాదులోను, బెంగళూరులోను ఈ ఆఫీసులున్నాయి. క్లియరెన్సు ఇచ్చే ముందు వీసా, పని ఒప్పందం, బీమా చూస్తారు. కొందరు దీన్ని అడ్డంకి అనుకుంటారు. మిల్లులో మిషను పట్టాకు వేసిన జాలీ కూడా చేతికి అడ్డంగానే ఉంటుంది. అది ఎందుకున్నదో చేయి పోయినవాడికి తెలుసు. 'క్లియరెన్సు అక్కరలేదు, విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తాను' అన్నవాడు ఆ జాలీ విప్పి మీ చేతిని మిషనులో పెట్టమంటున్నాడు.

ఇంకొకటి ఆజాద్ వీసా. 'ఫ్రీ వీసా, ఎక్కడైనా పని చేసుకోవచ్చు' అని చెబుతారు. ప్రభుత్వాల దగ్గర ఆజాద్ వీసా అనే వీసా లేదు. ఎవడో ఒక కఫీలు తన పేరు మీద వీసా తీసి అమ్ముకుంటాడు. ఆయన దగ్గర పని ఉండదు, బయట ఇంకొకరి దగ్గర పనిచేస్తే అక్కడి చట్టం ఒప్పుకోదు. పారిపోయాడని ఆయన ఒక్క రిపోర్టు ఇస్తే చాలు, అకామా రద్దు, ఖల్లివెల్లి బతుకు. రోగం వస్తే ఆసుపత్రికి పోవడానికి భయం, పోలీసు కనబడితే భయం. పేరులో ఉన్న ఆజాదీ అంతా కఫీలుది.

ఇప్పుడు అప్పు లెక్క. ఈ లెక్క బోర్డు మీద కూడా రాశాము, చదువుకున్న పిల్లలు సరిచూడండి. ఒక తమ్ముడు నూటికి మూడు రూపాయల నెల వడ్డీకి 1,20,000 తెచ్చి ఏజెంటుకు కట్టాడనుకుందాము. అక్కడ తిని ఉండి నెలకు 12,000 ఇంటికి పంపాడు. అందులో 6,000 ఇంటి ఖర్చు, 6,000 అప్పుకు. మొదటి నెల వడ్డీయే 3,600. అసలుకు పోయేది 2,400. ఇట్లా ఒక్క నెల కూడా తప్పకుండా కడితే అప్పు తీరడానికి 31 నెలలు పడుతుంది. కాంట్రాక్టు ఎంత? రెండేళ్ళు, అంటే 24 నెలలు. రెండేళ్ళు ఎండలో కష్టపడి ఇంటికి వచ్చేనాటికి ఇంకా 37,000 పైచిలుకు బాకీ ఉంటుంది. అందుకే మళ్ళీ పోతాడు. సంపాదించడానికి కాదు, బాకీ తీర్చడానికి.

అదే మనిషి చట్టప్రకారం పోయాడనుకోండి. ఏజెంటు రుసుము 35,400, పాస్‌పోర్టు రుసుము 1,500, మెడికల్, దారి ఖర్చులు అన్నీ కలిపి 50,000 అయిందనుకుందాము. అదే వడ్డీ, అదే 6,000 కడితే పది నెలల్లో అప్పు తీరిపోతుంది. మిగిలిన పద్నాలుగు నెలల కష్టం ఇంటికి వస్తుంది. మనిషి అదే, పని అదే, ఎండ అదే. ఆ పద్నాలుగు నెలలు పిల్లల చదువుకు పోవాలా, ఏజెంటు మేడకు పోవాలా అన్నదే తేడా.

దూదిలో బతికినవాళ్ళం గనుక మెడికల్ పరీక్ష గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గల్ఫ్ దేశాలకు పోయేవారికి ఆ దేశాలు ఆమోదించిన సెంటర్లలోనే పరీక్ష చేస్తారు. గామ్కా మెడికల్ అని మనవాళ్ళు అంటారు, ఇప్పుడు వాఫిద్ అనే పద్ధతిలో జరుగుతున్నది. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఎప్పుడో తగ్గిపోయిన క్షయ మచ్చ కనబడినా అన్‌ఫిట్ రాస్తారు. బ్లో రూములో, కార్డింగ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళలో ఎందరికి సెలవు తర్వాత సోమవారం షిఫ్టులో రొమ్ము పట్టేసేదో మనకు తెలుసు. దూది దుమ్ము జబ్బది. కాబట్టి ఏజెంటుకు ఒక్క రూపాయి ఇచ్చే ముందు, ఊళ్ళోనే ఒక ఎక్స్‌రే తీయించుకుని డాక్టరుకు చూపించుకోండి. ముందు డబ్బు కట్టి తర్వాత అన్‌ఫిట్ అయితే, ఆ డబ్బు ఏజెంటు దగ్గర నుంచి రాబట్టడం ఎంత కష్టమో పడినవాళ్ళను అడగండి. ఎక్స్‌రేలో ఏదైనా తేలితే అది అవమానం కాదు. వైద్యం చేయించుకోవాలి, మిల్లు వల్ల వచ్చిన జబ్బయితే దాని సంగతి సంఘం చూస్తుంది.

కుట్టు పని వచ్చిన మన అక్కచెల్లెళ్ళను, తమ్ముళ్ళను జోర్డాన్ పేరు చెప్పి అడుగుతున్నారని విన్నాము. ఆ దేశంలో బట్టల ఫ్యాక్టరీలున్న మాట నిజం. ఇర్బిద్, సహాబ్, దులైల్ పారిశ్రామిక ప్రాంతాల్లో అమెరికాకు పంపే దుస్తులు కుడతారు. బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, మన దేశం నుంచి వచ్చినవాళ్ళు అక్కడ పనిచేస్తున్నారు. 2006లో అమెరికాలోని ఒక కార్మిక హక్కుల సంస్థ ఆ ఫ్యాక్టరీల గురించి నివేదిక బయటపెట్టింది. పాస్‌పోర్టులు గుంజుకోవడం, జీతం ఎగ్గొట్టడం, రాత్రింబగళ్ళు పని చేయించడం అన్నీ అందులో ఉన్నాయి. ప్రపంచమంతా గగ్గోలయ్యింది. ఆ తర్వాత తనిఖీలు మొదలయ్యాయి. బయటి దేశాల కార్మికులు కూడా అక్కడి సంఘంలో చేరవచ్చని చట్టం మార్చారు. 2013లో మొత్తం దుస్తుల పరిశ్రమకు వర్తించే ఒప్పందం మీద అక్కడి కార్మిక సంఘం, యజమానులు సంతకాలు చేశారు. తర్వాత వలస కార్మికులందరికీ ఒకే నమూనా కాంట్రాక్టు పెట్టారు. కష్టాలన్నీ పోయాయని మేము అనడం లేదు. అయితే అక్కడికి పోయేవారు రెండు సంగతులు అడగాలి. ఒకటి, ఆ నమూనా కాంట్రాక్టు కాపీ మనకు తెలిసిన భాషలో ఇస్తారా? రెండు, చెప్పే జీతంలో తిండికి, గదికి లెక్కకట్టింది ఎంత, చేతికి వచ్చేది ఎంత? ఇంకొక నిబంధన కూడా తెలుసుకోండి. ఈ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న మహిళలకు 30 ఏళ్ళు నిండకపోతే ఈ 18 దేశాలలో పనికి క్లియరెన్సు ఇవ్వరు. వయసు ఎక్కువ రాయించి పంపుతామన్నవాడిని ఇంటి గడప ఎక్కనివ్వకండి.

పోయినవాళ్ళు పోరాడలేరు, వాళ్ళ తరఫున ఎవరూ పోరాడరు అని ఒక మాట ఉన్నది. అది నిజం కాదు. గల్ఫ్ దేశాలలో మనవాళ్ళకు ఇంతకు తగ్గకుండా జీతం ఉండాలని కేంద్ర ప్రభుత్వం కనీస సిఫారసు వేతనం నిర్ణయిస్తుంది. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, ఆ వేతనాన్ని తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. వలస కార్మికుల సంఘాలు గొంతెత్తాయి. తెలంగాణ హైకోర్టులో పిటిషన్ పడింది. 2021 జూలై నాటికి ఆ తగ్గింపును ప్రభుత్వం వెనక్కి తీసుకున్నది. కతార్ ప్రభుత్వం 2020లో చట్టం మార్చి, 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్ళు చేసింది. తిండి, వసతి ఇవ్వకపోతే వాటికి అదనంగా ఇవ్వాలన్నది. ఇవేవీ ఎవరూ దయతలచి ఇచ్చినవి కావు.

ఇప్పుడు సంఘం కార్యవర్గం తీసుకున్న తీర్మానాలు చెబుతున్నాము. రాసుకోండి.

ప్రతి ఆదివారం పొద్దున మన ఆఫీసులో ఇద్దరు కార్యవర్గ సభ్యులు ఇందుకోసమే కూర్చుంటారు. విదేశీ పనికి పోదలచిన సభ్యుడెవరైనా, వారి బంధువులెవరైనా సరే, డబ్బు కట్టక ముందు ఈ ఏడూ తీసుకుని రావాలి.

1. పాస్‌పోర్టు. ఈ.సి.ఆర్. అవునో కాదో చూస్తాము.

2. ఏజెంటు పేరు, రిజిస్ట్రేషన్ నెంబరు. ఈ-మైగ్రేట్ జాబితాలో మీ కళ్ళ ముందే వెతుకుతాము.

3. వీసా కాపీ. అరబ్బీలో ఉంటే చదివిస్తాము. పంతులుగారు ఒప్పుకున్నారు. వృత్తి అన్నచోట ఏమి రాసి ఉన్నదో మీకు తెలుగులో రాసి ఇస్తాము.

4. పని ఒప్పందం. జీతం, గంటలు, ఓవర్‌టైము, తిండి, గది, తిరుగు టికెట్టు ఎవరిదో చూస్తాము. అక్కడ దిగాక తక్కువ జీతంతో ఇంకో కాగితం మీద సంతకం పెట్టమంటారు. అప్పుడు ఈ మొదటి కాపీయే మీ ఆయుధం.

5. డబ్బు రసీదు. లేకపోతే కట్టవద్దు.

6. ప్రవాసీ భారతీయ బీమా పాలసీ. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయల ప్రీమియం. ప్రమాదంలో మరణిస్తే, శాశ్వతంగా అంగవైకల్యం కలిగితే 10 లక్షల బీమా. నామినీ పేరు సరిగ్గా ఉన్నదో లేదో చూస్తాము.

7. ఎక్స్‌రే రిపోర్టు.

ఈ ఏడింటి జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో, ఒక సెట్టు సంఘం బీరువాలో ఉండాలి. అక్కడ పాస్‌పోర్టు ఎవరైనా గుంజుకున్నా, ఇక్కడ మీ నెంబరు ఉంటుంది. సౌదీ, యు.ఎ.ఇ., కతార్ చట్టాల ప్రకారం కూడా యజమాని కార్మికుడి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. కష్టం వస్తే ఢిల్లీలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నెంబరు 1800 11 3090. దీన్ని ఇంటి గోడ మీద బొగ్గుతోనైనా రాసి పెట్టుకోండి. హైదరాబాదులో కూడా కేంద్రం వారి వలస సహాయ కేంద్రం ఉన్నది.

మన డిమాండు కూడా చెబుతున్నాము. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. మంచి పని. అయితే అది తెలంగాణ వాసులకే. జహీరాబాదు తమ్ముడు, బీదరు తమ్ముడు ఒకే క్యాంపులో, ఒకే గదిలో, పక్కపక్క మంచాల మీద పడుకుంటారు. శవపేటిక తిరిగి వచ్చినప్పుడు మాత్రం ఒకరి ఇంటికి సాయం, ఇంకొకరి ఇంటికి ఓదార్పు. అంతటి హామీ సరిహద్దుకు ఇవతలి కుటుంబాలకూ ఉండాలని మన ప్రభుత్వానికి వినతిపత్రం ఇస్తున్నాము. సభ అయ్యాక బల్ల దగ్గర సంతకాలు పెట్టండి. వేలిముద్ర వేసేవారు మాత్రం ఏమి రాశామో చదివించుకున్నాకే వేయండి. ఇవాళ్టి పాఠం మా కాగితానికి కూడా వర్తిస్తుంది.

చివరిగా ఒక్క మాట. సంఘానికి చెబితే వెళ్ళనివ్వరేమో, పక్కవాడు విని ముందు పోతాడేమో అని దాచుకుంటున్నారు. ఏజెంటుకు కావలసింది సరిగ్గా అదే. 'ఎవరికీ చెప్పకు, ఒక్క వీసానే ఉన్నది' అని చెవిలో చెబుతాడు. జాబరు కూడా మన తాతల చెవిలో అదే చెప్పేవాడు. గేటు దగ్గర అందరూ కలిసి నిలబడిన రోజున జాబరు దస్తూరీ ఆగింది. ఇక్కడా అంతే. పని చేసేవాడు డబ్బు తీసుకోవాలి గాని ఇవ్వకూడదు. పనిని కొనుక్కోవద్దు. కాగితం చదివించకుండా అప్పు చేయవద్దు.

ఆ తమ్ముడు ఇప్పుడు ఈ గంజ్‌లోనే బస్తాలు మోస్తున్నాడు. ఇవాళ సభకు చాపలు పరిచింది ఆయనే. మళ్ళీ పోతానంటున్నాడు. ఈసారి ఏడు కాగితాలూ తీసుకుని మొదట మా దగ్గరికే వస్తానన్నాడు. రమ్మన్నాము. ఈసారి ఆయన జేబులోని ప్రతి కాగితం చదువుతాము. ఆయన భార్యకు ఆ మాట ఇచ్చాము. ఇప్పుడు మీ అందరి ముందు మళ్ళీ ఇస్తున్నాము.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!